పిల్లల మోచేతి పాత గాయానికి ఆపరేషన్: తల్లిదండ్రులు ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

ఏడాది క్రితమో రెండేళ్ల క్రితమో బిడ్డ చెట్టు మీద నుంచో గోడ మీద నుంచో పడితే కట్టు కట్టించామనీ, నొప్పి పోయింది గానీ చెయ్యి వంకరగా ఉండిపోయిందనీ, లేదా పూర్తిగా మడత పడటం లేదనీ, ఇప్పుడు ఆపరేషన్ చేయిస్తే బాగవుతుందా అనీ తల్లిదండ్రులు పదే పదే అడుగుతున్నారు. అందరికీ ఒకే జవాబు చెప్పడం కుదరదు. పాతబడిన మోచేతి గాయాల్లో కొన్నింటికి గడిచే ప్రతి నెలా నష్టమే. మరికొన్నింటికి తొందరపడి ఆపరేషన్ చేయించడమే నష్టం. మీ బిడ్డది ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా ఆసుపత్రుల చుట్టూ తిరిగితే డబ్బు, కాలం రెండూ పోతాయి. సాధారణంగా 3 వారాలు దాటిన గాయాన్ని సర్జన్లు పాతదిగా లెక్కిస్తారు. కింద చెప్పినవన్నీ అలాంటి గాయాల గురించే. నిన్న మొన్న తగిలిన దెబ్బ అయితే ఇది చదువుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- గాయమైన రోజున తీసిన ఎక్స్‌రేతో సహా పాత ఎక్స్‌రేలన్నీ. అన్నింటికంటే విలువైనది ఆ మొదటి రోజుదే. ఫిల్ము పోయి ఉంటే తీసిన చోట కాపీ అడగండి.
- ఎప్పుడు పడ్డాడు, ఎవరు కట్టు కట్టారు, ఎన్ని రోజులు ఉంచారు, ఎప్పుడు విప్పారు అన్న తేదీలు రాసిన కాగితం.
- రెండు చేతులూ కనిపించే ఫొటోలు. ఎలా తీయాలో 2వ దశలో చెప్పాను.
- ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ వర్తించే కుటుంబమైతే ఆ కార్డు, బిడ్డ ఆధార్. ఆ పథకాల కింద ఉన్న ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. సర్జన్ రాసిచ్చిన ఆపరేషన్ పేరు చూపించి, అది పథకంలోకి వస్తుందో లేదో చేరకముందే అడగండి.

1. మర్దన ఆపండి, జరిగింది దాచకండి

బిగుసుకున్న మోచేతికి నూనె రాసి బలవంతంగా సాగదీయడం మన ఊళ్లలో మామూలే. మోచేతి విషయంలో ఇంతకంటే కీడు చేసే పని లేదు. అలా సాగదీసినప్పుడు నలిగిన కండరంలో ఎముక ఏర్పడే ప్రమాదం ఉంది. దాన్ని మయోసైటిస్ ఆసిఫికన్స్ అంటారు. అది వచ్చిందంటే అంతకుముందు కాస్తో కూస్తో ఆడుతున్న కీలు కూడా బిగుసుకుపోతుంది. బరువైన నీళ్ల బకెట్టు మోయించి చెయ్యి చాపించడం కూడా ఇలాంటిదే.

పుత్తూరు కట్టు గానీ మరో నాటు కట్టు గానీ వేయించి ఉంటే డాక్టరు కోప్పడతారేమోనని చెప్పకుండా ఉండకండి. ఆ కట్టు ఎంత బిగువుగా ఉండేది, అప్పుడు వేళ్లు వాచాయా, నల్లబడ్డాయా, బిడ్డ రాత్రంతా ఏడ్చాడా అన్నవి సర్జన్‌కు చాలా అవసరమైన విషయాలు. బిగువైన కట్టు కింద ముంజేతి కండరాలకు రక్తం అందక అవి కుంచించుకుపోయి ఉండవచ్చు. దీన్ని ఇంట్లోనే గుర్తుపట్టవచ్చు. మణికట్టును కిందికి వంచితే వేళ్లు తెరుచుకుని, పైకి ఎత్తగానే ముడుచుకుపోతుంటే ఆ సంగతి మొదటే చెప్పండి. అప్పుడు వైద్యం మోచేతి దగ్గర కాక ముంజేతి కండరాల దగ్గర మొదలవుతుంది.

2. చేతిని ఇంట్లో పరీక్షించి రాసి పెట్టుకోండి

బిడ్డను చొక్కా విప్పించి, గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి, అరచేతులు ముందుకు ఉండేలా నిలబెట్టండి. మోచేతి ఎత్తులో ఫోను పట్టుకుని ఫొటో తీయండి. మామూలు చేతిలో ముంజేయి 5 నుంచి 15 డిగ్రీల వరకు బయటి వైపుకు ఒరిగి ఉంటుంది. దెబ్బ తగిలిన చెయ్యి లోపలికి ఒరిగిందా, రెండోదానికంటే ఎక్కువ బయటికి ఒరిగిందా చూడండి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మోచేయి ఏ కాస్త మడిచి ఉన్నా వంకర తక్కువగా కనబడుతుంది. పూర్తిగా చాపలేని చేతిని ఈ ఫొటోతో అంచనా వేయకండి.

తర్వాత పక్క నుంచి రెండు ఫొటోలు తీయండి, ఒకటి వీలైనంత చాపి, మరొకటి వీలైనంత మడిచి. ముంజేయి తిరగడం చూడటానికి రెండు మోచేతులనూ నడుముకు ఆనించి, 90 డిగ్రీలు మడిచి, పిడికిళ్లలో చెరో పెన్సిల్ నిలువుగా పట్టుకోమనండి. అరచెయ్యి పైకి, కిందికి తిప్పుతుంటే పెన్సిల్ ఎంత వాలుతోందో రెండు వైపులా పోల్చండి. భుజాన్ని వంచి మోసం చేయడం పిల్లలకు బాగా తెలుసు కాబట్టి మోచేయి నడుము వదలకుండా మీ చేత్తో పట్టుకోండి. పూర్తిగా చాపిన చేతిని 0గా లెక్కిస్తే, మోచేయి 30 డిగ్రీల నుంచి 130 డిగ్రీల దాకా మడిచినా, ముంజేయి అటు 50, ఇటు 50 డిగ్రీలు తిరిగినా రోజువారీ పనులు చాలావరకు గడుస్తాయి. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ వల్ల ఏం లాభమో లెక్క వేసేటప్పుడు ఇవే కొలబద్ద.

చివరగా నరాలు. బొటనవేలు పైకెత్తమనండి. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనండి. వేళ్లన్నీ విడదీసి, చూపుడువేలి మీదికి మధ్యవేలు ఎక్కించమనండి. కళ్లు మూయించి చిటికెనవేలి కొసను దూదితో తాకండి. వీటిలో ఏది చేయలేకపోయినా, చిటికెనవేలు తిమ్మిరిగా ఉందన్నా తేదీతో సహా రాసుకోండి. ఆపరేషన్‌కు ముందే ఉన్న నరం లోపం ఆపరేషన్ తర్వాత బయటపడితే, అది ఎప్పుడు వచ్చిందో ఎవరూ తేల్చలేరు.

3. ఎక్స్‌రే సరిగ్గా తీయించండి

మోచేతి ఒక్కదానికే తీస్తే చాలదు. మణికట్టు దాకా ముంజేయి మొత్తం పడాలి, ముందు నుంచీ పక్క నుంచీ తీయాలి. రెండో చేతికి కూడా తీయించండి. పిల్లల మోచేతిలో ఎముక భాగాలు చాలావరకు మెత్తటి మృదులాస్థిగా ఉండి ఎక్స్‌రేలో కనబడవు. అవి సుమారుగా 1, 3, 5, 7, 9, 11 ఏళ్లలో ఒక్కొక్కటిగా కనిపించడం మొదలవుతాయి. కనబడని ముక్క పోయిందో, ఇంకా రాలేదో చెప్పడానికి బాగున్న చెయ్యే సాక్ష్యం.

ఎక్స్‌రే చేతికి వచ్చాక మీరు కూడా ఒక స్కేలు తీసుకుని రెండు విషయాలు చూడండి. ముంజేతిలో బొటనవేలి వైపున ఉండే రేడియస్ ఎముక పైకొస మధ్యగా గీసిన గీత, పై ఎముక చివర గుండ్రంగా ఉండే క్యాపిటెల్లమ్ మధ్య నుంచి పోవాలి. ఏ వైపు నుంచి తీసిన ఎక్స్‌రేలోనైనా ఇలాగే ఉండాలి. ఒక్కదానిలో తప్పినా అనుమానించాలి. ఇక పక్క నుంచి తీసినదానిలో చిటికెనవేలి వైపున ఉండే అల్నా ఎముక వెనుక అంచుకు స్కేలు ఆనించండి. ఆ అంచు తిన్నగా ఉండాలి. విల్లులా వంగి ఉంటే ఆ ఎముక ఒకప్పుడు విరిగి అతుక్కుందని అర్థం. రోగ నిర్ణయం మీరు చేయాలని ఈ మాట చెప్పడం లేదు. ఈ రెండు గీతలూ ఎవరూ గీయకపోవడం వల్లనే ఎన్నో మోచేతులు పాతబడిపోతున్నాయి కాబట్టి, గీయమని అడిగే హక్కు మీకు ఉందని చెబుతున్నాను.

సీటీ, ఎమ్మారై అందరికీ అక్కర్లేదు. రాసిస్తే, దానివల్ల ఆపరేషన్ చేసే తీరులో ఏం మారుతుందో అడిగి తీయించండి.

4. ఏ గాయమో తెలుసుకోండి, తొందర ఎంతో దాన్ని బట్టి తెలుస్తుంది

*రేడియస్ తల (పైకొస) పక్కకు తప్పి ఉండిపోవడం.* ఇది తొందరగా చూడవలసినది. 1814లో మిలాన్ సర్జన్ జొవాన్ని మాంటేజియా వివరించిన గాయం కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. అల్నా విరుగుతుంది లేదా వంగుతుంది, దాంతో రేడియస్ తల కీలు నుంచి తప్పుకుంటుంది. అల్నా అతుక్కుని నొప్పి పోగానే అంతా బాగైందని అందరూ అనుకుంటారు. కొన్ని నెలలకు మోచేతి ముందు గట్టి బుడిపె తగులుతుంది. ముంజేతిని తిప్పితే ఆ బుడిపె కూడా వేలి కింద తిరుగుతుంది. చెయ్యి పూర్తిగా మడత పడదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ఇక్కడ పెద్ద తప్పు, ఎందుకంటే తప్పుకున్న తల పెరిగే కొద్దీ గుంటతనం పోయి ఉబ్బుగా తయారవుతుంది, ఆ తర్వాత దాన్ని కీలులో కూర్చోబెట్టడం కష్టం.

ఆపరేషన్‌లో అల్నాను కోసి, కొద్దిగా వంచి, అవసరమైతే పొడవు పెంచి ప్లేటు వేస్తారు. అప్పుడు రేడియస్ తల తన చోటికి వస్తుంది. దాని చుట్టూ ఉండే ఉంగరంలాంటి లిగమెంటును బాగుచేయడమో, పై చేతి వెనుక ఉండే ట్రైసెప్స్ కండరపు పొర నుంచి తీసిన పట్టీతో కొత్తగా కట్టడమో కొందరు సర్జన్లు చేస్తారు. గాయమై 3 ఏళ్లలోపు, బిడ్డకు 12 ఏళ్లలోపు చేసిన ఆపరేషన్ల ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. ఒక హెచ్చరిక: ఎదుగుతున్న బిడ్డకు రేడియస్ తలను కోసి తీసేద్దామని ఎవరైనా అంటే మరో పిల్లల ఎముకల సర్జన్‌ను తప్పక కలవండి. తల తీసేస్తే మోచేయి బయటికి ఒరగడం, మణికట్టు దగ్గర ఎముకల పొందిక చెడటం వంటివి వస్తాయి. ఇంకొకటి: రెండు చేతులకూ ఇలాగే ఉండి, దెబ్బ తగిలిన జ్ఞాపకం లేకపోతే అది పుట్టుకతో వచ్చినది కావచ్చు. దానికి ఈ ఆపరేషన్ పనికిరాదు.

*బయటి వైపు ముక్క అతుక్కోకపోవడం.* మోచేతి దగ్గర పై ఎముక చివర బయటి వైపు ముక్క విరగడాన్ని లాటరల్ కాండైల్ ఫ్రాక్చర్ అంటారు. ఈ ముక్క కీలు లోపలికి వచ్చేది. కీలు ద్రవం దానిని తడుపుతూ ఉంటుంది, ముంజేతి కండరాలు లాగుతూ ఉంటాయి, అందువల్ల కట్టులో ఉన్నా జారుతుంది. అతుక్కోకుండా వదిలేస్తే చెయ్యి బయటి వైపుకు ఒరుగుతూ పోతుంది. చాలా ఏళ్లకు, ఒక్కోసారి పెద్దయ్యాక, లోపలి వైపున్న అల్నార్ నరం సాగి చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంది, చేతి కండ తరిగిపోతుంది. 3 వారాలు దాటితే ఈ ముక్కను ముట్టుకోకూడదని ఒకప్పుడు నియమంగా చెప్పేవారు, ఎందుకంటే రక్తనాళాలు ముక్క వెనుక నుంచి ప్రవేశిస్తాయి. సరిగ్గా కూర్చోబెట్టాలని చుట్టూ గీకితే రక్తం అందక ముక్క చచ్చుబడుతుంది. ఇప్పుడు ఆ తర్వాత కూడా చేస్తున్నారు, కానీ పద్ధతి మారింది. వెనుక వైపు కండను కదల్చకుండా, ముక్క అచ్చంగా పాత చోటికే రావాలని పట్టుబట్టకుండా, ఉన్నచోటికి దగ్గరగా స్క్రూతో బిగించి, అవసరమైతే తుంటి నుంచి ఎముక పొడి తీసి పెడతారు. మీ సర్జన్‌ను నేరుగా అడగండి: "ముక్కను పూర్తిగా పాత చోటికి తెస్తారా, ఉన్నచోటనే అతికిస్తారా?" ఆ జవాబులో ఆయన అనుభవం తెలుస్తుంది.

*కీలు మొత్తం తప్పి ఉండిపోవడం.* ఇది అరుదు. పాతబడిన తర్వాత మత్తు ఇచ్చి బలంగా లాగితే ఎముక విరగవచ్చు, కాబట్టి తెరిచి సరిచేయాలి. కుదించుకుపోయిన ట్రైసెప్స్‌ను కొన్నిసార్లు పొడిగించవలసి ఉంటుంది. పూర్తి కదలిక రాకపోయినా తినడానికి, రాయడానికి సరిపడా మడత వస్తే దాన్ని మంచి ఫలితంగానే తీసుకోవాలి.

*లోపలికి ఒరిగిన చెయ్యి.* మోచేతికి కాస్త పైన విరిగే సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ వంకరగా అతుక్కోవడం వల్ల వస్తుంది. మీరు అడిగే ప్రశ్నల్లో ఎక్కువ దీని గురించే. ఇక్కడ తొందర లేదు. మోచేతి దగ్గరి ఎదుగుదల పొర నుంచి పై ఎముక పొడవులో దాదాపు 20 శాతమే వస్తుంది, అందుకే ఈ వంకర వయసుతో దానంతట అది సర్దుకోదు. అలాగని సాధారణంగా పెరగదు కూడా. ఎముక గట్టిపడి, కదలిక వీలైనంత తిరిగి వచ్చేదాకా, అంటే గాయం నుంచి దాదాపు ఏడాది ఆగి ఆపరేషన్ చేయడం చాలామంది సర్జన్ల పద్ధతి. కేవలం అందం కోసం చేసే ఆపరేషన్ అని తీసిపారేయడం కూడా సరికాదు. వంకర ఎక్కువగా ఉన్న చేతుల్లో మళ్లీ పడినప్పుడు బయటి వైపు ముక్క విరిగే అవకాశం, పెద్దయ్యాక మోచేయి పట్టు సడలడం, అల్నార్ నరం దెబ్బతినడం తెలిసిన సమస్యలే. వంకర ఏడాదికేడాది పెరుగుతుంటే మాత్రం ఎదుగుదల పొర దెబ్బతిన్నదని అనుమానించి వెంటనే చూపించాలి.

ఆపరేషన్‌లో ఎముక నుంచి ముక్కోణపు ముక్క తీసి, తిన్నగా చేసి, తీగలతోనో ప్లేటుతోనో బిగిస్తారు. ఎంత కోణం తీయాలో లెక్క ఇలా ఉంటుంది: బాగున్న చెయ్యి 10 డిగ్రీలు బయటికి, వంకర చెయ్యి 15 డిగ్రీలు లోపలికి ఉంటే తీయవలసింది 15 కాదు, 25. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించమని అడగండి. ముక్కోణం తీసిన తర్వాత మోచేతి బయటి వైపు చిన్న ఉబ్బు మిగలవచ్చు; దాన్ని తగ్గించడానికి మెట్టు ఆకారపు కోత, గుమ్మటం ఆకారపు కోత వంటి పద్ధతులున్నాయి. వాటిలో ఏది మీ సర్జన్‌కు బాగా అలవాటైతే దాన్నే చేయనివ్వండి.

కీలు పొందిక బాగుండి, బిగుసుకుపోవడం ఒక్కటే బాధ అయితే ఆపరేషన్ మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి. పిల్లల్లో కదలిక నెలల తరబడి మెరుగవుతూనే ఉంటుంది.

5. తేదీ ఖరారు చేసుకునే ముందు అడగండి

ఇలాంటి ఆపరేషన్లు సర్జన్ తరచూ చేస్తారా, ఇప్పుడున్న కదలికలో ఏమైనా కోల్పోయే అవకాశం ఉందా, అల్నార్ నరాన్ని కదల్చవలసి వస్తుందా, లోపల పెట్టినవి మళ్లీ తీయాలా, తీస్తే ఆ ఖర్చు వేరా అన్నవి తప్పక అడగండి. ముఖ్యంగా ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుందో అడగండి. బాగా మడత పడుతూ, బాగా తిరుగుతున్న చేతికి ఆపరేషన్ చేసి కదలిక పోగొట్టుకునే ప్రమాదం నిజంగానే ఉంది.

6. ఆపరేషన్ రోజు

అన్నం, టిఫిన్, పాలు అన్నీ కనీసం 6 గంటల ముందే ఆపాలి. నూనె వస్తువులు, మాంసం అయితే 8 గంటలు. తల్లిపాలు 4 గంటల ముందు వరకు, మంచినీళ్లు 2 గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. బిడ్డ నీరసపడతాడని తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా గ్లాసుడు పాలు పట్టేస్తుంటారు. మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున పట్టి ఉంటే చెప్పేయండి, తేదీ మారినా ఫరవాలేదు. జ్వరం, దగ్గు, పిల్లికూతలు ఉన్నా అంతే.

ఆ చేతి గాజులు, దారాలు, తాయెత్తులు ఇంట్లోనే తీసేయండి; వాపు వస్తే అవే బిగుసుకుంటాయి. ఆ వారం గోళ్లకు గోరింటాకు పెట్టకండి, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత రక్తం అందుతోందా లేదా అన్నది గోరు రంగు చూసే చెబుతారు.

7. మొదటి 48 గంటలు

చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్ల మీద పెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి వేళ్లు ఆడించమనండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. మందు ఇచ్చినా నొప్పి పెరుగుతూ ఉండటం, బిడ్డ ఊరికే అలజడిగా ఉండటం, వేళ్లను మెల్లగా చాపితే కేక పెట్టడం, వేళ్లు పాలిపోవడం లేదా తిమ్మిరెక్కడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా నర్సును, డాక్టరును పిలవండి. కట్టు కింద ఒత్తిడి పెరిగిందేమో అప్పటికప్పుడు చూడాలి. తెల్లవారేదాకా ఆగితే కండరం తిరిగి రాదు. చెయ్యి మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే కొన్ని గంటలు నొప్పి తెలియదు. అలాంటప్పుడు గోరు రంగు, వాపు మరింత జాగ్రత్తగా చూడాలి.

8. కట్టు, తీగలు తీసిన తర్వాత

ఎముక కోసి సరిచేసిన చోట తీగలు వేసి ఉంటే సాధారణంగా 4 నుంచి 6 వారాలకు తీస్తారు. అప్పటిదాకా కట్టు తడవకూడదు. తీగ దగ్గర ఎర్రబడి చీము కారితే తేదీ వచ్చేదాకా ఆగకుండా చూపించండి.

ఆ తర్వాతి వ్యాయామం బిడ్డ తనంతట తాను చేయాలి. మీరు లాగకూడదు, ఫిజియోథెరపిస్టు కూడా నొప్పి పుట్టేలా లాగకూడదు. తలదువ్వుకోవడం, ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం, అరచెయ్యి చాచి ప్రసాదం పట్టినట్టు పట్టడం, గోడ మీద బంతి దొర్లించడం వంటివి రోజుకు నాలుగైదు సార్లు చేయించండి. తొలి నెలలో కదలిక ఆపరేషన్‌కు ముందున్నదానికంటే తక్కువగా ఉంటుంది, భయపడకండి. సైకిలు, కబడ్డీ, చెట్లెక్కడం ఎప్పుడు మొదలుపెట్టవచ్చో ఎక్స్‌రేలో ఎముక అతుకు చూసి సర్జన్ చెబుతారు.

9. ఫలితం సరిచూసుకోవడం

2వ దశలో తీసిన ఫొటోలనే అదే గోడ దగ్గర, అదే ఎత్తు నుంచి నెలకోసారి తీయండి. రోజూ చూసే కళ్లకు మార్పు తెలియదు. పెన్సిల్ పరీక్ష, దూది పరీక్ష కూడా అప్పుడే చేయండి. మూడు నెలలు వరుసగా ఏ కదలికా పెరగకపోతే, లేదా పెరిగినది తగ్గుతుంటే మళ్లీ చూపించండి.

రేడియస్ తలకు ఆపరేషన్ జరిగి ఉంటే ప్రతి ఎక్స్‌రేలోనూ 3వ దశలో చెప్పిన రేడియస్ గీత గీయించండి. మళ్లీ తప్పుకోవడం మొదటి వారాల్లోనే ఎక్కువ. అప్పుడు పసిగడితే సరిచేయడం తేలిక. బయటి ముక్కకు స్క్రూ వేసినవారు అతుకు పడిందన్న మాట ఎక్స్‌రే చూసి సర్జన్ చెప్పేదాకా రావడం మానకండి. లోపలి ఒరుగుకు చేయించుకున్నవారు, కోణం రెండో చేతితో సమానంగా వచ్చిందో లేదో కట్టు తీసి చెయ్యి పూర్తిగా చాపగలిగిన తర్వాతే కొలవండి.

ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, ఫొటోలు ఒక ఫైలులో పెట్టి బిడ్డకు పాతికేళ్లు వచ్చినా పారేయకండి. బయటి వైపుకు ఒరిగిన మోచేతుల్లో చిటికెనవేలి తిమ్మిరి ఎప్పుడో ఉద్యోగంలో చేరిన తర్వాత మొదలుకావచ్చు. ఆ రోజు చూసే డాక్టరుకు చిన్ననాటి ఎక్స్‌రే చూపిస్తే కారణం కోసం మెడ దగ్గర వెతకకుండా నేరుగా మోచేతినే చూస్తారు.